బ్రిటిష్ ఫోక్ రాక్ డ్రమ్స్ వినాలంటే: డేవ్ మాటాక్స్‌తో ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరితో పోల్చుకోవాలి

పాత జానపద పాటల్ని రాక్ వాద్యాలతో వాయించడమే ఫోక్ రాక్. ఆ దారి వేసిన ఇంగ్లిష్ బ్యాండ్ ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ పాటలు వినేవాళ్లు చాలామంది శాండీ డెన్నీ గొంతు కోసమో, రిచర్డ్ థాంప్సన్ గిటార్ కోసమో వింటారు. వాళ్ల వెనక కూర్చుని వాయించిన మనిషి మీద ధ్యాస పెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎవరితో మొదలుపెట్టాలి అంటే నా జవాబు డేవ్ మాటాక్స్. ఏ రికార్డు అంటే, అందరూ చేతికిచ్చే 'లీజ్ అండ్ లీఫ్' కాదు, దాని తర్వాత 1970లో వచ్చిన 'ఫుల్ హౌస్'. అయితే మీరు దేనికోసం వింటున్నారో దాన్ని బట్టి ఈ జవాబు మారవచ్చు. పాటలో గొంతే ప్రాణం అనుకునేవాళ్లకి గెర్రీ కాన్వే దగ్గరవుతాడు. తాళం లెక్కలంటే సరదా ఉన్నవాళ్లకి టెర్రీ కాక్స్. ఈ సంగీతం పుడుతున్న క్షణం వినాలనుకునేవాళ్లకి మార్టిన్ లాంబుల్.

ముందు ఈ పనిలో ఉన్న చిక్కేమిటో తెలిస్తే పోలిక సులువవుతుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ పాత కథాగేయాలు తరతరాలుగా పక్కవాద్యం లేకుండా పాడుకుంటూ వచ్చినవి. పాడేవాళ్లు ఒక పాదాన్ని సాగదీస్తారు, ఇంకోదాన్ని తొందరగా ముగిస్తారు, ఊపిరి అందనిచోట ఆగుతారు. జిగ్, రీల్ లాంటి నాట్యపు బాణీల్లో ఫిడేలు కమానే బాణీతోపాటు లయను కూడా మోస్తుంది. అలాంటిదాని మీద 1960ల నాటి రాక్ డ్రమ్మర్ వచ్చి రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్ము) మీద బలంగా బాదితే పాట నలిగిపోతుంది. పోనీ చేతులు కట్టుకు కూర్చుంటే అది రాక్ అవ్వదు. బుర్రకథలో కథకుడు వచనంలోకి దిగగానే గుమ్మెట తగ్గి, పాట ఎత్తుకోగానే మళ్లీ లేస్తుంది చూడండి, ఇక్కడ డ్రమ్మర్ చెయ్యాల్సిన పని ఆ దారిలోదే. 1967 నుంచి 1970 వరకు లండన్ చుట్టుపక్కల ఉన్న నలుగురు కుర్రవాళ్లు ఈ పని నాలుగు రకాలుగా చేశారు. నలుగురిలోనూ ఒక్కడే దీన్ని తన పద్ధతిగా మలుచుకుని యాభై ఏళ్లకు పైగా నిలబెట్టాడని నా నమ్మకం.

మాటాక్స్‌కి ముందు: మార్టిన్ లాంబుల్

లాంబుల్ కథ లేకుండా మాటాక్స్ కథ మొదలవ్వదు. ఫెయిర్‌పోర్ట్ తొలి కచేరీ 1967 మే 27న, ఉత్తర లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్‌లో ఒక చర్చి హాల్లో జరిగింది. ఆ రోజు డ్రమ్స్ మీద షాన్ ఫ్రేటర్ కూర్చున్నాడు. వినడానికొచ్చిన వాళ్లలో ఉన్న లాంబుల్, తాను ఇంతకన్నా బాగా వాయించగలనని బ్యాండ్ వాళ్లని ఒప్పించి ఆ చోటు సంపాదించుకున్నాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు.

అతని దగ్గర వినాల్సింది ముఖ్యంగా ఒక్కటే: 'అన్‌హాఫ్‌బ్రికింగ్' రికార్డులోని 'ఎ సెయిలర్స్ లైఫ్'. పదకొండు నిమిషాల పైచిలుకు పాట, ఒకే టేక్‌లో రికార్డయింది. మొదట్లో తాళమే లేదు. శాండీ డెన్నీ పాడుతుంటే లాంబుల్ సింబల్స్‌ని (పళ్లేల్లాంటి లోహపు తాళాల్ని) అలల్లాగా లేపుతూ, దించుతూ ఉంటాడు. కథలో అమ్మాయి సముద్రం మీదికి వెళ్లాక గాని బీటు గట్టిపడదు. అతిథిగా వచ్చిన డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు, థాంప్సన్ గిటారు ఒకదాన్నొకటి తరుముకుంటుంటే డ్రమ్స్ కింద నుంచి మెల్లగా వేడెక్కిస్తాయి. ఎవరూ వెయ్యని దారి మీద నడుస్తున్న కుర్రవాడి వాయింపు అది. అదే రికార్డులో 'సి తు దోయా పార్తిర్' అనే ఫ్రెంచి పాటలో టకటకమని వినిపించేది డ్రమ్స్ కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీల వీపులు. చివర్లో పగిలిన పాలసీసా చప్పుడు కూడా రికార్డులో అలాగే ఉండిపోయింది.

1969 మే 12 తెల్లవారుజామున, బర్మింగ్‌హామ్‌లో మదర్స్ క్లబ్బులో కచేరీ ముగించుకుని లండన్‌కి తిరిగొస్తుండగా ఎం1 రహదారి మీద వాళ్ల వ్యాను బోల్తా పడింది. లాంబుల్ చనిపోయాడు. వయసు పంతొమ్మిది. థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ కూడా ఆ ప్రమాదంలోనే పోయింది. 'అన్‌హాఫ్‌బ్రికింగ్' ఆ తర్వాత జులైలో విడుదలైంది.

లాంబుల్‌ని ఎంచుకోవాలా? వినక తప్పదు, కాని మొదట కాదు. అతని ప్రయాణం మొదలైన చోటే తెగిపోయింది. ఫోక్ రాక్ డ్రమ్మింగ్ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే తర్వాత ఏమైందో కూడా వినాలి.

డేవ్ మాటాక్స్

1948 మార్చిలో లండన్ శివారు ఎడ్జ్‌వేర్‌లో పుట్టాడు. డ్రమ్స్ జీవితంలోకి రాకముందు నేర్చుకున్న పని పియానో ట్యూనింగ్. ఆ తర్వాత డాన్స్ బ్యాండ్లు, జాజ్ బ్యాండ్లు. ఈ రెండు సంగతులూ అతని వాయింపు వినేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవని నేను అనుకుంటాను. పియానో ట్యూన్ చేసేవాడికి స్వరం తగ్గుముఖం పట్టి ఆగిపోయేదాకా వినడం అలవాటవుతుంది. డాన్స్ హాల్లో వాయించేవాడికి జనం కాళ్లు తడబడకుండా చూసుకోవడమే ఉద్యోగం. మాటాక్స్ డ్రమ్స్‌లో ఈ రెండూ ఉంటాయి: ఒక్కో దెబ్బ చివరిదాకా మోగే చోటు, అడుగు తప్పని నడక. జానపదాల మధ్య పెరిగినవాడు మాత్రం కాదు.

ప్రమాదం తర్వాత ఫెయిర్‌పోర్ట్ వాళ్లు బ్యాండ్ ఆపేద్దామా అనుకుని, చివరికి కొనసాగాలనే నిర్ణయించుకున్నారు. 1969 వేసవిలో మాటాక్స్ వచ్చి చేరాడు. హాంప్‌షైర్‌లో ఫార్లీ చాంబర్లేన్ అనే పల్లెలో ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని అందరూ అక్కడే ఉండి సాధన చేశారు. సెప్టెంబరులో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో కచేరీ, డిసెంబరులో 'లీజ్ అండ్ లీఫ్' విడుదల. బ్రిటిష్ ఫోక్ రాక్ అంటే ఇదీ అని అందరూ చూపించే రికార్డు అదే. చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో జో బాయ్డ్ నిర్మాణంలో, జాన్ వుడ్ ఇంజనీరింగ్‌లో తయారైంది.

ఆ రికార్డు గొప్పదనంలో నాకు అనుమానమే లేదు. 'మ్యాటీ గ్రోవ్స్' వినండి. ప్రభువుగారి భార్య, ఆమె ప్రియుడు, పరుగున వెళ్లి కబురు చెప్పిన నౌకరు, కత్తులు, రెండు చావులు. ఎనిమిది నిమిషాల పాటలో ఎక్కువ భాగం కథే. మాటాక్స్ ప్రతి చరణానికీ ఒకటే నడక పట్టుకుని కూర్చుంటాడు. కథలో రక్తం పారుతున్నా డ్రమ్స్‌లో అరుపు లేదు. మాటలు అయిపోయాక ఫిడేలు, గిటారు చెలరేగినప్పుడు గాని అతను చెయ్యి వదలడు. ఆ నిగ్రహం వల్లే కథకి అంత భయం వచ్చింది.

మరి దీనితో ఎందుకు మొదలుపెట్టొద్దంటున్నాను? శాండీ డెన్నీ ఉన్నచోట చెవి ఆమె వెంటే పోతుంది. డ్రమ్స్ మీద నిలబెట్టాలని ఎంత ప్రయత్నించినా పావుగంటలో మర్చిపోతారు. ఇంకో కారణం, అతను చేరి కొద్ది నెలలే అయింది, ఈ బాణీలు అతనికి కొత్త. చాలా జాగ్రత్తగా అడుగులు వేస్తున్న డ్రమ్మర్ మనకి అక్కడ వినిపిస్తాడు.

ఆ రికార్డు రాకముందే, నవంబరులోనే శాండీ వెళ్లిపోయింది. బ్యాండ్ పుట్టించిన బాస్ గిటారిస్టు ఆష్లీ హచింగ్స్ కూడా వెళ్లిపోయాడు. డేవ్ పెగ్ బాస్ పట్టుకున్నాడు. మాటాక్స్‌తో కలిపి ఐదుగురు మగవాళ్లు మిగిలారు, వాళ్లలో గాయకుడని గట్టిగా చెప్పుకోదగ్గవాడు ఎవరూ లేరు. 'ఫుల్ హౌస్' చేసింది ఈ బ్యాండే. ముందు నిలబడే గొంతు లేకపోయేసరికి బరువంతా వాద్యాల మీద పడింది, అందులో సగం డ్రమ్స్ మీద. మాటాక్స్ అసలు ఎత్తు తెలిసేది ఇక్కడే.

'డర్టీ లినెన్' అనే వాద్య ముక్కతో మొదలుపెట్టండి. ఫిడేలు బాణీలు ఒకదాని వెనక ఒకటి గొలుసుగా వస్తాయి, ప్రతి బాణీకీ విరుపులు వేరు. మాటాక్స్ ప్రతి విరుపు దగ్గరా ఫిడేలుతోనే ఆగుతాడు, దానితోనే లేస్తాడు. తాళం వేసి ఊరుకోకుండా డ్రమ్స్ మీద బాణీనే వాయిస్తున్నాడని రెండోసారి విన్నప్పుడు తెలుస్తుంది. వెంటనే 'స్లాత్' పెట్టండి. తొమ్మిది నిమిషాలు, యుద్ధం నీడలో సాగే నెమ్మది పాట. ఇక్కడ పూర్తిగా వేరే మనిషి కనిపిస్తాడు: దెబ్బకీ దెబ్బకీ మధ్య అంత ఖాళీ వదిలే ధైర్యం ఆ రోజుల్లో రాక్ డ్రమ్మర్లలో చాలా తక్కువమందికి ఉంది. పాట మధ్యలో గిటారు, ఫిడేలు మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ ఖాళీల్ని నింపాలనే తొందర అతనికి రాదు. ఇక మునిగిపోయే ఓడ కథ 'సర్ పాట్రిక్ స్పెన్స్'. అందులో బ్యాండ్ మొత్తం ఒకే పెద్ద అడుగు వేస్తూ నడుస్తుంది, ఆ అడుగు వేయించేది ఇతనే.

తర్వాత అతని జీవితం రాకపోకలతో నిండిపోయింది. ఫెయిర్‌పోర్ట్ వాళ్లంతా హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని లిటిల్ హాడమ్‌లో, ఒకప్పుడు 'ది ఏంజెల్' అనే పబ్బుగా ఉన్న ఇంట్లో కుటుంబాలతో సహా కలిసి ఉన్న రోజులవి. 1971లో ఒక లారీ ఆ ఇంటి గోడలోంచి దూసుకొచ్చి స్వార్‌బ్రిక్ గదిలోకి చొచ్చుకుపోయింది. 1972లో మాటాక్స్ బయటికి వెళ్లి హచింగ్స్ పెట్టిన ఆల్బియన్ కంట్రీ బ్యాండ్‌లో చేరాడు, 1973లో తిరిగొచ్చాడు, 1975లో 'రైజింగ్ ఫర్ ద మూన్' రికార్డింగు మధ్యలో మళ్లీ వెళ్లిపోయాడు. 1985లో 'గ్లాడిస్ లీప్'తో బ్యాండ్ మళ్లీ నిలబడినప్పుడు డ్రమ్స్ మీద ఇతనే. పన్నెండేళ్లకు పైగా ఉండి, 1990ల చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్‌కి వెళ్లి స్థిరపడ్డాడు. 2022లో డెబ్బై దాటిన వయసులో మళ్లీ ఆ బ్యాండ్ డ్రమ్స్ వెనక్కి వచ్చాడు.

ఈ రాకపోకల మధ్య వాయించిన స్టూడియో రికార్డుల జాబితా చూస్తే అసలు ఇతను ఫోక్ డ్రమ్మరేనా అనిపిస్తుంది. నిక్ డ్రేక్ 'బ్రైటర్ లేటర్', జోన్ ఆర్మట్రేడింగ్ 1976 రికార్డు, బ్రయన్ ఈనో 'బిఫోర్ అండ్ ఆఫ్టర్ సైన్స్', పాల్ మెకార్ట్నీ 'టగ్ ఆఫ్ వార్', 'రన్ డెవిల్ రన్', జిమ్మీ పేజ్ చేసిన ఒక సినిమా సంగీతం, జెత్రో టల్ 1992 నాటి కచేరీ రికార్డు, ఎక్స్‌టీసీ 'నాన్‌సచ్'. ఇన్ని రకాల సంగీతాలు ఒకే మనిషిని ఎందుకు పిలిచాయి? పాటని ముందుగా వింటాడు గనక. ఫోక్ రాక్ అతనికి నేర్పింది అదే. పాడేవాళ్ల మాట ఎక్కడ పడుతుందో చూసుకుని చెయ్యి వెయ్యడం తెలిసినవాడికి ఏ స్టూడియోలోనైనా పని ఉంటుంది.

వీటన్నిటిలో ఫుల్ హౌస్ తర్వాత ఏది అంటే ఆలోచించకుండా చెప్తాను: రిచర్డ్, లిండా థాంప్సన్‌ల 'షూట్ అవుట్ ద లైట్స్', 1982. భార్యాభర్తలుగా వాళ్లు చేసిన చివరి రికార్డు. 'డోంట్ రెనెగ్ ఆన్ అవర్ లవ్'లో స్నేర్ మీద రైలుబండి పరుగు వినండి. టైటిల్ పాటలో మాత్రం అతను ఒక మొరటు, బరువైన బీటు పట్టుకుని దాన్నుంచి కదలడు. థాంప్సన్ గిటారు పిచ్చెత్తినట్టు అటూ ఇటూ ఎగురుతుంటుంది. ఆ గిటారుకి అంత స్వేచ్ఛ వచ్చింది కింద ఆ నేల కదలకపోబట్టే. డ్రమ్స్ నేర్చుకుంటున్న ఎవరికైనా నేను ఈ రెండు పాటలు వరసగా వినిపించాలనుకుంటాను.

ఇంగ్లిష్ పల్లె నాట్యాల వైపు ఆసక్తి ఉంటే 1972 నాటి 'మోరిస్ ఆన్' వినండి. హచింగ్స్, థాంప్సన్, జాన్ కర్క్‌పాట్రిక్, బారీ డ్రాన్స్‌ఫీల్డ్‌లతో కలిసి చేసినది. మోరిస్ నాట్యం చేసేవాళ్లు కాళ్లకి గజ్జెలు కట్టుకుని గాల్లోకి ఎగిరి దిగుతారు. వాళ్లు దిగేదాకా డ్రమ్మరు కాచుకోవాలి. తొందరపడే అమెరికన్ రాక్ బీటు అక్కడ పనికిరాదు, కాస్త వెనక్కి వాలి బరువుగా పడే అడుగు కావాలి. ఆ అడుగు డ్రమ్ కిట్ మీదికి ఎలా వచ్చిందో ఇక్కడ దగ్గరగా వినొచ్చు.

గెర్రీ కాన్వే: గొంతు వైపు నిలబడ్డవాడు

1947లో నార్ఫక్‌లోని కింగ్స్ లిన్‌లో పుట్టిన కాన్వేకి, మాటాక్స్‌కి దారులు జీవితమంతా కలుస్తూనే ఉన్నాయి. శాండీ డెన్నీ ఫెయిర్‌పోర్ట్ వదిలి పెట్టిన ఫాథరింగే బ్యాండ్‌కి డ్రమ్మర్ కాన్వే. 1998లో ఫెయిర్‌పోర్ట్‌లో మాటాక్స్ ఖాళీ చేసిన చోట కూర్చున్నది కాన్వే, 2022లో కాన్వే వదిలిన చోటికి వచ్చింది మాటాక్స్. జెత్రో టల్‌తోనూ ఇద్దరూ వాయించారు, కాన్వే 1982 నాటి 'ద బ్రాడ్‌స్వర్డ్ అండ్ ద బీస్ట్'లో. మధ్యలో కాన్వే 1970ల్లో చాలా ఏళ్లు క్యాట్ స్టీవెన్స్ దగ్గర ఉన్నాడు. తర్వాత పెంటాంగిల్ అనే బ్యాండ్ గాయని జాకీ మెక్‌షీతో కలిసి పనిచేశాడు, ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. 2024 మార్చిలో మోటార్ న్యూరాన్ జబ్బుతో కన్నుమూశాడు.

వాయింపులో తేడా ఎక్కడంటే, మాటాక్స్ అడుగు నేలకి ఆనుకుని ఉంటుంది, కాన్వేది కొంచెం తేలికగా, మెత్తగా గొంతు కిందికి జారుతుంది. మాటాక్స్‌లో బ్యాండ్ అంతా వినిపిస్తుంది, కాన్వేలో పాడే మనిషి వినిపిస్తుంది. 1970లో వచ్చిన 'ఫాథరింగే' రికార్డు చివరి పాట 'ద బ్యాంక్స్ ఆఫ్ ద నైల్' పెట్టుకోండి. ప్రియుడు యుద్ధానికి వెళ్తుంటే వెంట వస్తానని అడిగే అమ్మాయి పాట, ఎనిమిది నిమిషాలు. శాండీ ఒక్కో పాదాన్నీ ఎంత దూరం సాగదీసినా కాన్వే తొందరపెట్టడు. ఆ నిదానంలో నాకు అతనే మొదటివాడు. ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ లేదు, ఈ ఒక్క పనిలో మాటాక్స్ కన్నా అతనే నాకిష్టం.

ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి వినే వీలు కూడా ఉంది. ఫెయిర్‌పోర్ట్ వదిలిన హచింగ్స్ పెట్టిన స్టీలై స్పాన్ తొలి రికార్డు 'హార్క్! ద విలేజ్ వెయిట్', 1970. ఆ బ్యాండ్‌కి సొంత డ్రమ్మర్ లేడు. కొన్ని పాటలకి కాన్వే, మిగతావాటికి మాటాక్స్ వచ్చి వాయించారు. అదే బ్యాండ్, అవే గొంతులు, ఒకేలాంటి పాటలు, డ్రమ్మర్ ఒక్కడే మారతాడు. మొదట ఎవరు ఏ పాటకి వాయించారో చూడకుండా వినండి, ఊహించి రాసుకోండి, తర్వాత వివరాలతో సరిచూసుకోండి. ఈ ఇద్దరి మధ్య ఎంచుకోవడానికి దీనికి మించిన పరీక్ష లేదు.

ఆ తర్వాతి రెండు రికార్డుల్లో స్టీలై స్పాన్ డ్రమ్స్ లేకుండానే వాయించారు. వాటిలో మొదటిది, 1971 నాటి 'ప్లీజ్ టు సీ ద కింగ్', తప్పకుండా వినండి. ఎలక్ట్రిక్ గిటారు, బాస్ కలిసి తాళాన్ని మోస్తాయి. డ్రమ్మర్ లేకుండానూ ఈ సంగీతం నిలబడగలదని తెలిశాక, డ్రమ్మర్ వచ్చి చేరితే అతను ఏం తెస్తున్నాడో చెవికి స్పష్టంగా పట్టుబడుతుంది. 1973లో నైజెల్ పెగ్రమ్ చేరాక ఆ బ్యాండ్ రాక్ వైపు గట్టిగా జరిగింది, 'ఆల్ అరౌండ్ మై హ్యాట్' లాంటి హిట్లు వచ్చాయి. హుషారైన పాటలు కావాలంటే అటు వెళ్లండి. మన పోలికకి మాత్రం అతను అంతగా అక్కరలేదు.

టెర్రీ కాక్స్: లెక్క తెలిసినవాడు

పెంటాంగిల్‌ని ఫోక్ రాక్ అనొచ్చా అని వాదించేవాళ్లున్నారు. బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ ఇద్దరు గిటారిస్టులు, జాకీ మెక్‌షీ గొంతు, డానీ థాంప్సన్ నిలువు బాస్, టెర్రీ కాక్స్ డ్రమ్స్. బాస్, డ్రమ్స్ ఇద్దరూ బ్లూస్ సంగీతకారుడు అలెక్సిస్ కార్నర్ దగ్గర వాయించి వచ్చినవాళ్లు. జాజ్ వాసన ఎక్కువ, కరెంటు తక్కువ. అయినా ఈ పోలికలో కాక్స్‌ని వదిలెయ్యలేను, ఎందుకంటే మన చెవికి అందరికన్నా ముందు అందేది అతనే కావచ్చు.

1969 నాటి 'బాస్కెట్ ఆఫ్ లైట్'లో మొదటి పాట 'లైట్ ఫ్లైట్'. బీబీసీలో 'టేక్ త్రీ గర్ల్స్' అనే ధారావాహికకి శీర్షిక గీతంగా ఇంగ్లండ్‌లో ఇంటింటా మోగింది. అందులో ఐదు, ఏడు అక్షరాల లెక్కలు మారుతూ వస్తాయి, మధ్య భాగంలో నడక ఆరుకి మారుతుంది. ఖండ చాపు, మిశ్ర చాపు వేళ్ల మీద వేసుకోవడం వచ్చినవాళ్లు ఈ పాటకి చెయ్యి కలపగలరు, ఆ మలుపుల దగ్గర కాక్స్ ఎంత తేలిగ్గా దాటుతున్నాడో చూసి ముచ్చట పడతారు. ఎక్కడా బలం చూపించడు. కచేరీల్లో గ్లాకెన్‌స్పీల్ (లోహపు పట్టీల్ని కొట్టి వాయించే వాద్యం) కూడా వాయించేవాడు, పాడేవాడు. 1968 నాటి 'స్వీట్ చైల్డ్'లో 'మూన్‌డాగ్' అని అతను ఒక్కడే చేసిన చిన్న ముక్క ఉంది, చేతివాద్యం, గొంతు, అంతే.

డేవిడ్ బోయీ 'స్పేస్ ఆడిటీ'లో డ్రమ్స్ ఈయనవే. ఆ పాట తెలిసినవాళ్లు పెంటాంగిల్ విన్న చెవితో మళ్లీ ఒకసారి విని చూడండి.

కాక్స్ దగ్గర లేనిది బరువు. కథాగేయంలో చావు వచ్చినప్పుడు కింద నేల అదరాలి. ఆ అదురు పెంటాంగిల్ కోరుకోలేదు, ఫెయిర్‌పోర్ట్ కోరుకుంది. మీకూ అదే కావాలంటే మళ్లీ మాటాక్స్ దగ్గరికే రావాలి.

ఎవరికి ఏది

డ్రమ్స్ నేర్చుకుంటున్నవాళ్లు మాటాక్స్‌ని పట్టుకోండి. ముందు ఫుల్ హౌస్, తర్వాత షూట్ అవుట్ ద లైట్స్, ఆపైన లీజ్ అండ్ లీఫ్. ఈ వరసలో విన్నాక లీజ్ అండ్ లీఫ్‌లో ఇంతకుముందు వినిపించనివి వినిపిస్తాయి, అందుకే దాన్ని మూడోది చేశాను. ఒక పాటని ఎంచుకుని మొదటిసారి కాలితో కొట్టే బాస్ డ్రమ్ము ఒక్కటే వినండి, రెండోసారి స్నేర్ ఒక్కటే. తర్వాత ఫిడేలుని విని, ఇద్దరూ ఎక్కడ కలిసి ఆగుతున్నారో చూడండి.

మృదంగమో తబలానో వచ్చినవాళ్లయితే కాక్స్‌తో మొదలుపెట్టి మాటాక్స్‌కి రండి. కాక్స్ దగ్గర లెక్క మీకు వెంటనే దొరుకుతుంది, ఆ ధీమాతో ఫుల్ హౌస్‌లోని నాట్యపు బాణీలు సులువవుతాయి. మూడేసి అక్షరాల గుంపులతో నడిచే జిగ్ మీకు తిశ్రంలానే తోస్తుంది. స్నేర్ దెబ్బ మాత్రం మీరు అనుకున్నచోట పడదు, ఆ పడని చోటే చూసుకోండి.

పాట సాహిత్యం, గొంతు ఇష్టపడేవాళ్లకి కాన్వే, ఫాథరింగే. ఇది చాలాకాలం ఒకే రికార్డుగా ఉండిపోయిన బ్యాండ్. వదిలేసిన రెండో రికార్డుని కాన్వే, గిటారిస్టు జెర్రీ డొనహ్యూ, బాస్ వాయించిన పాట్ డొనాల్డ్‌సన్ కలిసి పూర్తి చేసి 2008లో విడుదల చేశారు. మొదటిది నచ్చితే అదీ వినండి.

రాక్ వింటూ పెరిగి, జానపదం అంటే కొంచెం దూరంగా ఉండేవాళ్లని నేరుగా ఫిడేళ్ల మధ్యకి పంపించను. వాళ్లకి షూట్ అవుట్ ద లైట్స్, ఆ వెంటనే నాన్‌సచ్. మాటాక్స్ చెయ్యి అలవాటయ్యాక పాత రికార్డులు వాటంతట అవే దగ్గరవుతాయి.

ఫోన్ స్పీకరులో మాత్రం వినకండి. 1970 నాటి ఈ రికార్డుల్లో బాస్ డ్రమ్ము ఇప్పటి పాటల్లోలా ముందుకి తోసి ఉండదు, చిన్న స్పీకరులో అసలు వినపడదు, మాటాక్స్ అడుగులో సగం అక్కడే పోతుంది. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. ఫుల్ హౌస్ కొనేటప్పుడో, స్ట్రీమింగ్‌లో వెతికేటప్పుడో 'పూర్ విల్ అండ్ ద జాలీ హ్యాంగ్‌మ్యాన్' ఉన్న ముద్రణ చూసుకోండి. థాంప్సన్ వద్దన్నందువల్ల చివరి నిమిషంలో ఆ పాటని 1970 రికార్డు నుంచి తీసేశారు, తర్వాతి సీడీల్లో చేర్చారు. ఉరితీసే రోజు సంత గురించిన పాట, మాటాక్స్ మంచి రోజుల్లో వాయించినది, దాన్ని వదులుకోవడం అన్యాయం.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకి ఇంకో వీలుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో బ్యాన్‌బరీ దగ్గర క్రాప్రెడీ అనే పల్లె పొలాల్లో ఏటా ఆగస్టులో ఫెయిర్‌పోర్ట్ వాళ్ల సంగీతోత్సవం జరుగుతూ వస్తోంది. చివరి రాత్రి కచేరీ వాళ్లదే, అందులో 'మ్యాటీ గ్రోవ్స్' ఉండి తీరుతుంది. వెళ్లేముందు ఆ ఏడాది వేదిక మీద ఎవరెవరు ఉంటారో చూసుకోండి, వేదికకి డ్రమ్స్ స్పష్టంగా కనిపించే వైపు చోటు చూసుకుని కూర్చోండి.